ఏ దూడది

రాత్రి రెండింటికి ఏడో ట్యాంకు దగ్గర
ఒక్కదాన్నే ఉంటాను.
ఒక్కదాన్నే అనడం అబద్ధం.
స్టీలు గోడకు అవతల
ముప్పై వేల లీటర్ల చక్కెర నీళ్ళలో
లెక్కకు లొంగని ఈస్టు
తింటోంది, రెండవుతోంది, మళ్ళీ తింటోంది.

చూడటానికి అరచేతి వెడల్పు గాజు.
దీపం వేస్తే గోధుమరంగు నురగ,
పొంగబోయి ఎందుకో మానుకున్నట్టు.
చెంప ఆనిస్తే వెచ్చగా ఉంటుంది.
బయట లిమ్‌ఫియోర్డ్ మీది గాలి
ఉప్పునీ మంచునీ కలిపి కిటికీకి కొడుతుంది.

మా నాన్న థోర్‌వల్ కడుపులు కొనేవాడు.
ఇంకోలా చెప్పడానికి లేదు, అదే ఆయన వ్యాపారం.
సైకిలు మీద కబేళాకు పోయి
పాలు తప్ప మరో రుచి ఎరగని లేగల
నాలుగో కడుపు తెచ్చి, కడిగి,
ఒక కొస ముడేసి, రెండో కొసన నోటితో గాలి ఊది
అటక దూలానికి వేలాడగట్టేవాడు.
నాకు ఐదేళ్ళు. బుడగలనుకున్నాను.
పుట్టినరోజుకి ఒకటి ఇమ్మని మారాం చేశాను.
అమ్మ నవ్వలేదు.

ఎండినదాన్ని సన్నగా తరిగి ఉప్పునీళ్ళలో నానేస్తే
ఆ నీళ్ళు ఒక్క గరిటె చాలు
గంగాళం పాలు గడ్డ కట్టడానికి.
అమ్మ వెళ్ళిపోయిన ఏడు
గంగాళంలోకి చూస్తూ అన్నాడు:
"పాలకైనా తోడు దొరుకుతుంది."

ఇప్పుడు అటకలో ఏమీ వేలాడదు.
దూడ కడుపులో రాసి ఉన్న ఒకే ఒక్క వాక్యాన్ని
ఎవరో చదివి, కత్తిరించి
ఈస్టు ఒంట్లో కుట్టారు.
ఇది ఆవును చూడలేదు. పొదుగు ఎరగదు.
అర్థం తెలియని పద్యాన్ని బడిపిల్లాడు అప్పజెప్పినట్టు
అక్షరం పొల్లుపోకుండా వల్లిస్తుంది,
వల్లించిందల్లా బయటికి ఉమ్మేస్తుంది.
ఆ ఉమ్మే మా ఊరి జీతాలు.

పోయిన మంగళవారం మూడో ట్యాంకులో
పిలవని క్రిమి ఏదో దూరింది.
తెర మీద ఆక్సిజన్ గీత
మెట్లు తప్పిన మనిషిలా జారింది.
రావ్న్ వచ్చి వాసన చూసి తల అడ్డంగా ఊపాడు.
ఆవిరి వాల్వు తిప్పింది నేను.
చెడినదనే కాదు,
బాగా పండినదానికీ ఐదో రోజు ఆమ్లమే పోస్తాం,
ఉమ్మును వడకట్టుకుని ఒళ్ళు పారేస్తాం.
అరుపు ఉండదు.
అరుపు లేకపోవడాన్ని వినడం అలవాటు కాలేదు
పదకొండేళ్ళయినా.

వసంతంలో ఒక చిన్న సీసా నాన్నకు తీసుకెళ్ళాను.
పాలు కాచాడు, వేలు ముంచి వేడి చూశాడు,
నాలుగు చుక్కలు వేసి
గడియారం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.
తర్వాత కత్తి దించి పైకెత్తితే
గడ్డ నున్నగా చీలింది,
చీలికలో నీరు తేటగా ఊరింది.
"పట్టింది," అన్నాడు,
పేకాటలో ఓడినవాడు డబ్బులు లెక్కపెట్టే గొంతుతో.

కాసేపాగి అడిగాడు, "ఏ దూడది?"
దూడ లేదు నాన్నా, అదే కదా గొప్ప, అన్నాను.
"ఇది కాదు. మొట్టమొదటిది.
ఆ మాట ఎవరి కడుపులోంచి తీశారు?"

కాగితాలన్నీ తిరగేశాను.
వంగడం నంబరు ఉంది. గడ్డకట్టించిన తేదీ ఉంది.
హక్కుల సంతకాలు మూడు పేజీలు.
దూడ లేదు.
ఎక్కడో ఒక కొట్టంలో ఒకటి పుట్టి ఉంటుంది,
తల్లి నాకి ఉంటుంది,
కొద్ది వారాలు బతికి ఉంటుంది.
లోకంలో సగం జున్నులో దాని మాట మోగుతోంది.

రెండూ నలభై. రిజిస్టరు తెరిచాను.
వేడి ముప్పై. పులుపు సరిగ్గా ఉంది. నురగ మామూలే.
ఇతర విషయాలు అన్న గడి
ఎప్పుడూ ఖాళీగా వదిలేదాన్ని.
"దూడ పేరు తెలియదు" అని రాసి
సోల్వాయ్ అని సంతకం పెట్టాను.

మర్నాడు రాత్రి వచ్చి చూస్తే
దాని కింద ఎవరిదో నీలం సిరా,
తొందర తొందర అక్షరాలు:
"ఎర్రదై ఉంటుంది."